వన్స్ మోర్ అన్నది మనమే

తాగే నటుడి గురించి తెలుగువాళ్లం చెప్పుకునే కథలు నవ్వుతోనే మొదలవుతాయి. ఫలానా ఆయన తూలుతూ సెట్‌కి వచ్చి, యాక్షన్ అనగానే నిటారుగా నిలబడి, నాలుగు పేజీల డైలాగు ఒక్క టేకులో చెప్పేశాడట. ఫలానా ఆయనకు పొద్దున్నే సీసా కనపడకపోతే ప్రొడక్షన్ మేనేజరు కారేసుకుని ఊరంతా తిరిగాడట. ఫలానా కృష్ణ వేషధారికి గొంతులో చుక్క పడితే గాని పద్యం లేవదట. చెప్పినవాడు చూసి ఉండడు, విన్నవాడు ఎవరు చూశారని అడగడు. అందరం కలిసి చివర్లో ఒక మాట అనుకుంటాం: ఎంత తాగినా నటనలో మాత్రం వంక పెట్టలేం.

సినిమా పేజీలు నింపి బతికిన మాలాంటివాళ్లం ఈ కథల్ని దశాబ్దాల పాటు అచ్చు వేశాం. పేరు రాయకుండా, చదివినవాళ్లు ఇట్టే పోల్చుకునేట్టు ఆనవాళ్లు మాత్రం రాసేవాళ్లం. పాఠకులు ఆ ముక్కనే ముందు చదివేవారు. ఆ సంగతి మాకు తెలుసు, అందుకే మళ్లీ రాసేవాళ్లం. కళ్లెదుట ఒక మనిషి జబ్బుతో కుంగిపోతుంటే అందరం కలిసి దాన్ని వినోదంగా అనుభవించాం. ఆ మనిషి పోయాక అదే బతుకును పిల్లలకు చెప్పే నీతికథ చేశాం. ఈ రెండింటికీ నడుమ ఎన్నో ఏళ్లున్నాయి. ఈ మనిషికి వైద్యం కావాలి అన్న చిన్న మాట ఆ ఏళ్లలో మన నోట రాలేదు.

1953లో 'దేవదాసు' వచ్చింది. అందులో అక్కినేని తాగలేదు. రాత్రిళ్లు షూటింగ్ పెట్టి, నిద్రకు వాలిపోతున్న ఆయన కళ్లనే వేదాంతం రాఘవయ్య తాగుబోతు కళ్లుగా చూపించారు. క్రమశిక్షణకూ ఆరోగ్య నియమాలకూ పేరుపడిన ఆ నటుడు దాదాపు 90 ఏళ్లు బతికాడు. ఆ సినిమా మన ఊహల్లో ఒక బొమ్మను నిలిపింది: శాలువా, గడ్డం, దగ్గు, చేతిలో సీసా, మనసులో పార్వతి. ప్రేమించినవాడు తాగుతాడు, తాగినవాడు గొప్పగా ప్రేమిస్తాడు. ఊరూరా కుర్రాళ్లు ఆ వేషం వేసుకున్నారు. ప్రేమ చెడితే తాగడం మగవాడి హక్కన్నంతగా అలవాటు పడిపోయాం. దానికి ఆ సినిమాను తప్పుపట్టను. అంత దుఃఖంలోంచి మందు ఒక్కటే ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నది మనం.

అదే సినిమాలో పార్వతి సావిత్రి.

సావిత్రి గురించి రాయాలంటే చెయ్యి వెనక్కి లాగుతుంది. ఆమెకు మనం చేసిన అన్యాయం పెద్దది, దాన్ని మనం తల్చుకున్న తీరు అంతకంటే పెద్ద అన్యాయం. గుంటూరు జిల్లా చిర్రావూరు నుంచి నాటకాల మీదుగా మద్రాసు చేరిన పిల్ల. 1951లో 'పాతాళ భైరవి'లో చిన్న నృత్యం, 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్'. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె చేసినదాన్ని ఇంకోసారి చూడండి. భుజాలు విరుచుకునే తీరు, కనుబొమల బిగువు, అంతలోనే ఎవరో వస్తున్నారని తెలిసి ఆడపిల్లలా ఒదిగిపోవడం. ఒకే ఒంట్లో రెండు ఒళ్లు కనపడతాయి. అలా చెయ్యడానికి ఎంత సాధన, ఎంత ఏకాగ్రత, ఎంత మెలకువ కావాలో నటన తెలిసినవాళ్లు చెప్పగలరు. 1968లో ఆమె 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించింది. నిర్మాణంలోనూ సాంకేతిక శాఖల్లోనూ ఆడవాళ్లే ఉండాలని పట్టుబట్టి తీసిన సినిమా అది. సంగీతం పి. లీల. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద అలాంటి ప్రయత్నాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సినిమా ఆడలేదు. ఆ ఓటమిని మనం ఆమె ఖాతాలో రాశాం, ఆ ధైర్యాన్ని ఎక్కడా రాయలేదు.

ఆ తర్వాత సంసారం, అప్పులు, ఆదాయపు పన్ను చిక్కులు. తమిళంలో సొంతంగా తీసిన 'ప్రాప్తం' 1971లో వచ్చింది. అది మన 'మూగ మనసులు' కథే, అదీ నిలబడలేదు. తెలుగునాట అందరికీ తెలిసిన కథ కదా అని ఇక్కడే అసలు సంగతి దాటేస్తుంటాం. ఆమె తాగుడును మనం ఎలా చెప్పుకున్నామన్నదే ఆ అసలు సంగతి. మగ నటుడు తాగితే విలాసం, దర్జా, మహా అయితే బలహీనత. సావిత్రి తాగితే పతనం. అదే సీసా, అదే ద్రవం, అదే కాలేయం. ఆయన గురించి చెప్పేటప్పుడు గొంతులో అభిమానం ఉండేది. ఆమె గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, పక్కకు చూసి చెప్పేవాళ్లం. ఆ తగ్గించిన గొంతే ఆమె చుట్టూ గోడ కట్టింది. తాగే ఆడదన్న ముద్ర పడ్డాక ఎవరి దగ్గరికి వెళ్లి, నాకు ఒంట్లో బాగాలేదు, మానలేకపోతున్నాను అని చెప్పుకుంటుంది? దాచుకునే జబ్బు దాచిన చోటే ముదురుతుంది.

మానెయ్యొచ్చుగా అన్న సలహా మనందరికీ నోటికి వచ్చు. ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పోతుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి, ఇంకొందరికి లేనివి కనిపిస్తాయి. వైద్యుడి కనుసన్నల్లో జరగకపోతే ఆ మానడమే ప్రాణం మీదికి తెస్తుంది. చక్కెర జబ్బు కూడా ఉన్నవాళ్లు తిండి మానేసి తాగితే రక్తంలో గ్లూకోజు ఉన్నట్టుండి పడిపోయి స్పృహ తప్పొచ్చు. సావిత్రికి చక్కెర జబ్బు ఉంది. 1980 మేలో బెంగళూరులో ఆమె కోమాలోకి వెళ్లింది. పందొమ్మిది నెలల తర్వాత, 1981 డిసెంబర్ 26న, మద్రాసులో పోయింది. ఈ రెండు తేదీలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. వాటికి ముందున్న ఏళ్లలో ఆమెకు ఏ వైద్యం అంది ఉండాల్సిందో మాత్రం మనం తెలుసుకోలేదు.

వైద్యం లేని కాలం కాదది. అదే మద్రాసులో, అదే 1980లో, తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ ఆయన పేరనే టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. తాగుడు నైతిక లోపం కాదని, చికిత్స ఉన్న జబ్బని, ఆ చికిత్స ఇంటివాళ్లకూ కావాలని ఆమె చెప్పుకుంటూ వచ్చారు. పెద్ద వ్యాపార కుటుంబం వాళ్లది. పరువు పోతుందని నోరు మూసుకుని ఉండొచ్చు, ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆమె మాట్లాడారు. తెలుగు సినిమా పరిశ్రమలో ఎక్కువ భాగం అప్పటికింకా మద్రాసులోనే ఉంది. అదే ఊళ్లో కూర్చుని ఏ హీరో ఏ బ్రాండు తాగుతాడో రాసిన మాకు ఈ ఆసుపత్రి గురించి రాయాలని తోచలేదు. తోచి ఉంటే, ఆ రోజుల్లో ఏ మేకప్ గదిలోనో ఎవరో ఒకరు ఆ కాగితం చదివి ఉండేవారేమో.

సినిమాకు ముందు నాటకం ఉంది, అక్కడా మన చేతులు శుభ్రంగా లేవు. శ్రీరామనవమి పందిట్లో రాత్రి పది దాటాక మొదలై తెల్లారేదాకా సాగే 'కురుక్షేత్రం' చూసినవాళ్లకు తెలుసు. కాంట్రాక్టరు ఒక్కో సీనుకు ఒక్కో నటుణ్ణి కట్టేవాడు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు. రాయబారం కృష్ణుడు సాయంత్రం బస్సుకే ఊళ్లోకి దిగేవాడు. స్టేజీ ఎక్కేది ఏ మూడు గంటలకో. ఆ మధ్యలో ఉన్న ఏడెనిమిది గంటలు గ్రీన్‌రూమ్ అని పిలిచే తడికెల పాకలోనో, బడి వరండాలోనో, కమిటీ పెద్దల అరుగు మీదో గడవాలి. అభిమానంతో వచ్చినవాళ్లు వట్టి చేతులతో వచ్చేవారు కాదు. ఏం కావాలి గురువుగారూ అని అడిగేవారు. వద్దనడం మర్యాద కాదు, పైగా వచ్చే ఏడు పిలుపు వీళ్ల చేతుల్లోనే ఉంది.

మా ఊళ్లో ఒక రాత్రి ఆ కృష్ణుడు వెలుగులోకి వచ్చాడు. మొదటి పద్యం అద్భుతంగా ఎత్తుకున్నాడు. రాగం ఒక్కో మెట్టే ఎక్కి పైన నిలిచినప్పుడు, నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చున్నారు. వన్స్ మోర్ అని గోల. మళ్లీ పాడాడు. చదివింపులు మొదలయ్యాయి. మైకులో ఒక్కొక్కరి పేరూ చెప్పి నూట పదహార్లు అంటున్నారు, ఆయన ప్రతి పేరుకూ నవ్వి దండం పెడుతున్నాడు. మళ్లీ వన్స్ మోర్. మూడోసారి పద్యం మధ్యలో ఆగింది. హార్మోనియం ఆయన శ్రుతి అందించాడు. మళ్లీ అందించాడు. దుర్యోధనుడి వేషం కట్టినాయన మీసం కింద నుంచి రెండు ముక్కలు అందించాడు. కృష్ణుడు ఒక పక్కకు ఒరిగాడు, కిరీటం చెవి మీదికి జారింది. పందిరంతా ఘొల్లుమంది. ఆయన కిరీటం సర్దుకుని, మా అందరి వంకా చూసి, తనూ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకా పెద్దగా నవ్వాం. మర్నాడు కమిటీవాళ్లు లెక్కలు చూసుకుంటూ, వచ్చే ఏడు కూడా ఈయన్నే పిలవాలి, భలే సరదాగా గడిచిందిరా అనుకున్నారు. పిలిచారు, వచ్చాడు. ఆ పై ఏడూ వచ్చాడు. తర్వాత రాలేదు. ఎందుకు రాలేదని మా ఊళ్లో ఎవరూ వాకబు చెయ్యలేదు. కొత్త కృష్ణుణ్ణి మాట్లాడుకున్నారు.

సినిమాల్లో ఆ అరుగు బదులు మేకప్ గది. కాల్షీట్లతో నడిచే బతుకులో పండగ లేదు, సెలవు లేదు. ఒంట్లో బాగాలేదంటే ఆ రోజు సెట్టు ఖర్చంతా ఆ మనిషి నెత్తిన పడుతుంది. హాస్యనటుడైతే మరీ కష్టం, ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు పరుగు, వెళ్లిన ప్రతిచోటా నవ్వించాలి. ఇలాంటి బతుక్కి ఓ పెగ్గు అన్నిటికంటే తేలికగా దొరికే విశ్రాంతి. దొరికేటట్టు చూసేది ఆ మనిషితో పనున్నవాళ్లే. పని అయ్యాక, అవకాశాలు తగ్గాక, ఆ పెగ్గు పోసినవాళ్లు కనిపించరు.

ఎస్వీ రంగారావును తీసుకోండి. అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసి, షేక్‌స్పియర్ నాటకాలు ఆడి, సినిమాకు వచ్చిన చదువుకున్న మనిషి. 'నర్తనశాల'లో కీచకుడు ఆయన, సైరంధ్రి సావిత్రి. ఆ పాత్రకు ఆయనకు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. సుదేష్ణ ఆజ్ఞ మీద మద్యం తేవడానికి సైరంధ్రి కీచకుడి ఇంటికి వెళ్లాల్సి వచ్చే కథ అది. ఆయన 1974 జూలైలో, 56 ఏళ్లకే, గుండెపోటుతో పోయాడు. ఆమె ఏడేళ్ల తర్వాత పోయింది. ఇద్దరి గురించీ మందు కథలే చెప్పుకున్నాం. కాకపోతే ఆయన కథలకు పగలబడి నవ్వాం, ఆమె కథలకు నిట్టూర్చాం. ఆయన 'చదరంగం', 'బాంధవ్యాలు' సినిమాలకు దర్శకత్వం వహించాడని తెలిసినవాళ్లు ఎందరున్నారో మీ ఇంట్లోనే అడిగి చూడండి. ఆయన సెట్లో ఎంత తాగేవాడో చెప్పగలిగినవాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు.

కస్తూరి శివరావు కథా అంతే. 1949లో 'గుణసుందరి కథ'లో ముఖ్యపాత్ర వేసి, మరుసటేడు 'పరమానందయ్య శిష్యులు' తీసి, హాస్యనటుడు కూడా సినిమాను భుజాన మోయగలడని చూపించిన మొదటితరం మనిషి. చివరి రోజులు పేదరికంలో గడిచాయి. ఆ తర్వాతి హాస్యనటుడు రాజబాబు తన పుట్టినరోజు నాడు ముందుతరం నటుల్ని పిలిచి సన్మానించేవాడు, కోరుకొండలో జూనియర్ కాలేజీ పెట్టించాడు. 1983 ఫిబ్రవరిలో, యాభై నిండకుండానే పోయాడు. వీళ్ల గురించి మన దగ్గర ఒకే అచ్చు ఉంది: ఎముక లేని చెయ్యి, మందు అలవాటు, చివరికి ఏమీ మిగల్లేదు. సావిత్రినీ ఆ అచ్చులోనే పోశాం. ఆ అచ్చు మనకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే అందులో మన ప్రమేయం ఏమీ ఉండదు. వాళ్ల దానగుణం వాళ్లది, వాళ్ల తాగుడు వాళ్లది. వాళ్ల చుట్టూ చేరి తిన్నదెవరు, తాగినదెవరు, అప్పుగా పట్టుకెళ్లి తిరిగివ్వనిదెవరు అని ఆ అచ్చు అడగదు. చిత్తూరు నాగయ్యకైతే తాగుడు మచ్చ కూడా అక్కర్లేకపోయింది, దానగుణమే చాలింది, ఆయన్నీ ఖాళీ చేసి వదిలాం.

ఇంకో సంగతి ఒప్పుకోక తప్పదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూనే సారా దుకాణాన్ని మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారాను నిషేధించారు. 1995 జనవరిలో, నటుడే అయిన ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు సంపూర్ణ మద్య నిషేధం అమలు చేశారు. 1997లో దాన్ని సడలించేశారు. మొగుళ్ల చేతిలో దెబ్బలు తిన్న ఆ తల్లులు వీధిలో కూర్చుని, ఇది మా ఇళ్లు కూలుస్తున్న రోగమని చెప్పిన రోజులవి. మేం ఆ వార్తలు మొదటి పేజీలో వేసి, లోపలి పేజీల్లో తాగుబోతు కామెడీ ట్రాకు సినిమాకు ఎంత ప్లస్ అయిందో రాశాం. రెండూ ఒకే చేత్తో రాశాం.

1997లో 'మా నాన్నకు పెళ్లి'లో తాగుబోతు పాత్ర ఎమ్మెస్ నారాయణకు పేరు తెచ్చింది. అంతకుముందు ఆయన భీమవరం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన మాస్టారు, కథలు రాయగలిగినవాడు. మనకు ఆయన మాటలో ఆ భాష, ఆ వ్యంగ్యం దొరికాయి. అయినా మళ్లీ మళ్లీ అడిగింది సీసానే. నిర్మాతలు అది పసిగట్టి అదే ఇచ్చారు. తర్వాతి తరంలో ఒక కుర్ర నటుడికి తాగుబోతు అన్న మాటే ఇంటిపేరైంది, పోస్టర్ల మీద కూడా అలాగే వేస్తాం. తాగినవాడి నడకను అంత కచ్చితంగా పట్టుకోవాలంటే ఎంత పరిశీలన కావాలో, ఆ నడకను ఎంత దగ్గరి నుంచి చూసి ఉండాలో ఒక్క క్షణం ఆలోచించలేదు. తెర మూలన మద్యపానం ఆరోగ్యానికి హానికరమని చిన్న అక్షరాలు నిలబడే ఉంటాయి. వాటి పైనే మన నవ్వంతా సాగుతుంది. సాయంత్రం తండ్రి ఎలా వస్తాడోనని గుమ్మం వంక చూసే పిల్లలు కూడా ఆ హాల్లోనే మన పక్క సీట్లో ఉంటారు.

2018లో 'మహానటి' వచ్చినప్పుడు హాళ్లన్నీ ఏడ్చాయి. నిజంగానే ఏడ్చాం, అందులో అబద్ధం లేదు. ముప్పై ఏడేళ్ల తర్వాత ఆమె మళ్లీ మన ఇంటి మనిషి అయింది. అయితే బయటికి వచ్చాక వారాల తరబడి వాదించుకున్నదేమిటి? మొదటి గ్లాసు ఆమె చేతికి ఇచ్చిందెవరు, ఫలానా ఆయన చెడ్డవాడా మంచివాడా, ఇంట్లోవాళ్లు చెప్పింది నిజమా, సినిమావాళ్లు చూపించింది నిజమా. టీవీ స్టూడియోల్లో ఇరుపక్షాలనూ కూర్చోబెట్టాం. పత్రికల్లో మేమూ అదే పని చేశాం. ఒక్క చర్చలోనైనా ఒక మానసిక వైద్యుణ్ణి కూర్చోబెట్టి, అలాంటి మనిషి ఇప్పుడు మన ఇంట్లో ఉంటే ఏం చెయ్యాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి, ముందు ఏం మాట్లాడాలి అని అడిగి ఉండొచ్చు. అంత ఏడుపు కళ్లలో ఉండగా జనం వినేవారు. వినడానికి అంత సిద్ధంగా మళ్లీ ఎప్పుడుంటారు?

ఇప్పుడు మద్రాసు లేదు, హైదరాబాదే. వారాంతం రాత్రిళ్లు జూబ్లీహిల్స్‌లో పోలీసులు డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు పెడతారు. అది అవసరమే, రోడ్డు మీద వెళ్లే అమాయకుల ప్రాణాలు కాపాడేది అదే. పోలీసులతో పాటు మా కెమెరాలూ అక్కడ నిలబడతాయి. సినిమా మొహం ఒకటి కారులోంచి దిగితే చాలు, చేత్తో మొహం కప్పుకుంటున్నా లైటు మీద పెడతాం. ఊదిన పరికరంలో వచ్చిన అంకె తెల్లారేసరికి టీవీ అడుగున పరుగెత్తుతూ ఉంటుంది. ఆ రాత్రి తర్వాత ఆ మనిషి ఇంటికి ఎలా చేరాడు, ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లాడా, సోమవారం షూటింగ్‌కు మళ్లీ అదే గదిలో అదే గ్లాసు పెట్టారా అని వెళ్లి కనుక్కున్న విలేఖరి మాలో లేడు. అలాంటి వార్త ఎవరు చూస్తారని పైవాళ్లు అంటారని మాకు మేమే అనుకున్నాం. కారు దిగుతున్న వీడియో మాత్రం మేం వేశాం, మీరు చూశారు, ఇంకో నలుగురికి పంపారు. అన్ని లక్షలమంది చూశారన్న లెక్క చూసే ఆ పై శనివారం కెమెరాను మళ్లీ అక్కడికే పంపించాం.